అతిథిగా వచ్చే రక్తపిశాచి: పాత గోథిక్ వాంపైర్ కథలు చదవడానికి సమగ్ర మార్గదర్శి

డ్రాక్యులా పేరు వినని వాళ్లు మనలో దాదాపు లేరు. ఆ నవలని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్లు మాత్రం వెతికితే గానీ దొరకరు. మన తలలో ఉన్నది సినిమా బొమ్మ: నల్ల కేప్, కోరలు, గబ్బిలం. పుస్తకం తెరిస్తే ఎదురయ్యేది ఇంకో మనిషి. పొడుగాటి తెల్ల మీసాలున్న ముసలాయన, తనే దీపం పట్టుకుని వచ్చి తలుపు తీస్తాడు, వద్దంటున్నా వినకుండా వచ్చినవాడి సామాను తనే మోస్తాడు, వేడివేడిగా భోజనం పెట్టించి తను మాత్రం ముట్టకుండా పక్కన కూర్చుని తెల్లవారే దాకా కబుర్లాడతాడు.

ఆ మర్యాద కోసమే నేను ఈ కథల్ని మళ్లీ మళ్లీ తిరగేస్తుంటాను. పంతొమ్మిదో శతాబ్దపు వాంపైర్ కథల్లో మంచివి ఏవి తీసుకున్నా రక్తం తక్కువే. పిశాచి తలుపు బద్దలుకొట్టుకుని రాదు, పెద్దమనిషిలా, చుట్టంలా, కష్టంలో ఉన్న ఆడపిల్లలా వస్తుంది, ఇంట్లో వాళ్లే రమ్మని పిలుస్తారు. పిలిచాక ఏదో తేడాగా ఉందని ఒక్కొక్కళ్లకీ విడివిడిగా అనిపిస్తుంది, కానీ ఒకరితో ఒకరు చెప్పుకోరు. పరువు కోసమో, ఒట్టు వేశామనో, అవతలివాళ్లు టెన్షన్ పడతారనో నోరు మూసుకుంటారు. ఈ రెండూ, అంటే పిలుపూ మౌనమూ, పట్టుకుని చదివితే ఈ పుస్తకాలు రెండు వందల ఏళ్లుగా ఎందుకు బతికున్నాయో మీకే తెలుస్తుంది. ఎలా చదవాలో వరసగా చెబుతాను. కథల చివరి మలుపులు బయటపెట్టను గానీ, మధ్యలో కొన్ని ఘట్టాలు చెప్పక తప్పదు.

మొదటి అడుగు: సినిమా రూల్స్ పక్కన పెట్టండి

ఎండ తగిలితే వాంపైర్ కాలి చచ్చిపోతాడన్నది నవలలో లేదు. డ్రాక్యులా పట్టపగలు లండన్ పికడిల్లీ వీధిలో నిలబడి కనిపిస్తాడు. పగటి పూట అతని శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండ చావు 1922లో జర్మనీలో తీసిన 'నోస్‌ఫెరాటు' మూకీ సినిమాతో వచ్చింది. కేప్, ఈవెనింగ్ డ్రెస్ నాటకాల నుంచి 1931 హాలీవుడ్ సినిమాలోకి వెళ్లాయి. నవలలోని డ్రాక్యులా ముసలివాడుగా మొదలై రక్తం దొరికే కొద్దీ వయసు తగ్గుతూ వస్తాడు, అరచేతుల మధ్యలో వెంట్రుకలుంటాయి.

వ్లాద్ అనే రుమేనియా రాజు చరిత్రతో మొదలుపెట్టకండి. యూట్యూబ్‌లో సగం వీడియోలు అక్కడే మొదలై అక్కడే ఆగిపోతాయి. ఈ నవల రాసిన బ్రామ్ స్టోకర్ 1890 వేసవిలో ఇంగ్లండ్‌లోని విట్‌బీ అనే రేవు ఊరికి సెలవులకి వెళ్లి, అక్కడి లైబ్రరీలో ఇప్పటి రుమేనియాలో భాగమైన వల్లాకియా గురించిన ఒక పాత పుస్తకంలో 'డ్రాక్యులా' అన్న పేరు చూసి రాసిపెట్టుకున్నాడు. అంతకు ముందు అతని నోట్సులో పిశాచి కౌంట్ (జమీందారు లాంటి ప్రభువు) పేరు వేరే, కథ జరిగే చోటు కూడా ఆస్ట్రియాలోని స్టిరియా. నవలలో కౌంట్ కోట ఉన్న ట్రాన్సిల్వేనియాకి అతను ఒక్కసారి కూడా వెళ్లలేదు, అంతా చదివి రాసిందే.

మన భేతాళుణ్ణి కూడా కాసేపు చెట్టు మీదే ఉండనివ్వండి. అతను శవంలో దూరి కథలు చెబుతాడు, చిక్కుప్రశ్నలు వేస్తాడు, అతని దారి వేరు.

రెండో అడుగు: వరస

మూడే పుస్తకాలు, రాసిన క్రమంలోనే. జాన్ పొలిడోరి 'ది వాంపైర్' (1819), షెరిడాన్ లెఫాను 'కార్మిల్లా' (1871-72), బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' (1897). మొదటిది ఒక పెద్దకథ, రెండోది చిన్న నవల, మూడోది 27 అధ్యాయాల నవల. ఈ వరసలో చదివితే ఒక రచయిత కనిపెట్టిన కిటుకుని తర్వాతివాడు ఎలా పదును పెట్టాడో కళ్లకి కడుతుంది.

పాత ఇంగ్లీష్ కొత్తగా చదివేవాళ్లు మాత్రం 'కార్మిల్లా'తో మొదలుపెట్టి, పొలిడోరిని ఆ తర్వాత చదవండి. పొలిడోరి వాక్యాలు ఒక్కోటి కొమ్మలు వేసుకుంటూ పోతాయి. లెఫాను చాలా సాఫీగా రాస్తాడు, స్టోకర్ డైరీ భాష ఇంకా తేలిక.

1845-47 మధ్య పెన్నీకి ఒకటి చొప్పున విడిభాగాలుగా అమ్మిన 'వార్నీ ది వాంపైర్' అని ఇంకొకటుంది, రెండు వందల పైచిలుకు అధ్యాయాలు. అందులో పిశాచి నిజంగానే కిటికీ అద్దం పగలగొట్టుకుని వస్తుంది. మొదటి అధ్యాయం సరదాగా చదివి వదిలేయొచ్చు.

మూడూ కాపీరైట్ దాటినవే. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి, లిబ్రివాక్స్‌లో ఆడియో కూడా ఉంది. పిల్లల కోసం కుదించిన 'డ్రాక్యులా' మాత్రం కొనకండి. కుదించేటప్పుడు మొదట పోయేది డైరీలూ ఉత్తరాలే, ఈ నవలకి ప్రాణం అవే.

మూడో అడుగు: వెనకున్న నిజం తెలుసుకోండి

ఇది ఒక్క సాయంత్రం పని. 1720లు, 30లలో ఆస్ట్రియా పాలనలో ఉన్న సెర్బియా సరిహద్దు పల్లెల్లో వరసగా చావులు జరిగితే, చచ్చినవాళ్లే లేచి వస్తున్నారని జనం గోలపెట్టారు. మెద్వెజా అనే ఊళ్లో విచారణకి సైన్యం ఫ్లూకింగర్ అనే సర్జన్‌ని పంపింది. సమాధులు తవ్వించి చూసి 1732 జనవరిలో ఆయన రిపోర్టు రాశాడు: కొన్ని శవాలు కుళ్లలేదు, నోటి దగ్గర తాజా రక్తం, పాత గోళ్లు ఊడి కొత్తవి వచ్చినట్టున్నాయి. ప్రభుత్వ డాక్టరు సంతకంతో వచ్చిన ఆ కాగితం యూరప్ పత్రికలన్నిటినీ చుట్టేసింది.

ఇప్పుడు దీనికి జవాబులున్నాయి. చలి నేలలో శవం నెమ్మదిగా కుళ్లుతుంది, లోపల గ్యాస్ పెరిగి ఎర్రటి ద్రవాన్ని నోటిలోకి తోస్తుంది, పైచర్మం ఊడితే కింద కొత్త చర్మం వచ్చినట్టు కనిపిస్తుంది. 1755లో మరియా థెరీసా మహారాణి తన వైద్యుడు వాన్ స్వీటెన్ చేత విచారణ చేయించి, సమాధులు తవ్వే పని ఆపించింది. క్షయ రోగం సంగతీ గుర్తుంచుకోండి. ఇంట్లో ఒకరు పోయాక ఇంకొకరు పాలిపోయి, చిక్కిపోయి, దగ్గులో రక్తం పడుతూ పోతుంటే, పోయినవాళ్లే వచ్చి లాక్కెళుతున్నారని అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 1892లో కూడా నమ్మి, మెర్సీ బ్రౌన్ అనే అమ్మాయి శవాన్ని బయటికి తీశారు. అలాంటి నమ్మకాల మీద 1896లో వచ్చిన ఒక న్యూయార్క్ పత్రిక కత్తిరింపు స్టోకర్ నోట్సులో ఇప్పటికీ ఉంది.

ఈ పల్లెటూరి పిశాచులన్నీ సొంత ఇంటివాళ్లనీ, ఇరుగుపొరుగునీ పట్టినవే. పిశాచి మనకి తెలిసిన మనిషే అన్న భయాన్ని కథకులు వదల్లేదు. దానికి మంచి బట్టలు తొడిగి డ్రాయింగ్ రూంలో కూర్చోబెట్టారు.

నాలుగో అడుగు: పొలిడోరిని ఒక్క కూర్చోడులో

1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద వల్ల మరుసటి ఏడాది యూరప్‌లో వేసవే రాలేదు. 1816లో జెనీవా సరస్సు ఒడ్డున ఒక బంగళాలో వానకి చిక్కుకుపోయిన కవి బైరన్, షెల్లీ, తర్వాత మేరీ షెల్లీగా పేరు పొందిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి, బైరన్ వెంట వచ్చిన కుర్ర డాక్టరు పొలిడోరి, తలా ఒక దెయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. మేరీ రాసింది 'ఫ్రాంకెన్‌స్టైన్' అయింది. బైరన్ మొదలుపెట్టి వదిలేసిన తునక నుంచి పొలిడోరి 'ది వాంపైర్' అల్లాడు. అది 1819లో పత్రికలో బైరన్ పేరుతో అచ్చయింది. అసలు రచయిత 1821లో పాతికేళ్లకే పోయాడు.

లార్డ్ రత్వెన్ లండన్ విందుల్లో అందరూ పిలవాలని తహతహలాడే అతిథి. ఆబ్రే అనే డబ్బున్న కుర్రాడు అతన్ని చూసి ముచ్చటపడి ప్రయాణాల్లో వెంట వెళతాడు. ఏం జరుగుతుందో ఆబ్రేకి తెలిసే వేళకి, తను చూసింది ఏడాదీ ఒక రోజు దాకా ఎవరికీ చెప్పనని ఒట్టు వేసి ఉంటాడు. ఆ ఒట్టు దగ్గర పేజీ మూల మడిచి పెట్టుకోండి. అక్కణ్ణించి కథ ఇంటికి తిరిగొస్తుంది, ఇంట్లో పెళ్లీడు చెల్లెలుంది, ఆబ్రే నోరు తెరవలేడు. ఈ కథలో భయమంతా రోజులు లెక్కపెట్టుకోవడంలోనే ఉంది.

ఐదో అడుగు: 'కార్మిల్లా'ని మూడు నాలుగు రాత్రులకి పంచుకోండి

మూడింట్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. స్టిరియా అడవిలో ఒంటరి కోట, అందులో లారా అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి, తండ్రి, ఇద్దరు సంరక్షకురాళ్లు. తోటి వయసు పిల్లలు లేక లారాకి ప్రాణం విసిగిపోయి ఉంటుంది. ఒక వెన్నెల రాత్రి కోట ముందు బండి బోల్తా పడుతుంది. అందులోంచి దిగిన గంభీరమైన ఆవిడ తనకి ప్రాణం మీదికొచ్చే పని ఉందనీ, ఆగడానికి లేదనీ అంటుంది. స్పృహ తప్పిన కూతుర్ని మా ఇంట్లో ఉంచుకుందాం అని తండ్రి కోటు పట్టి లాగి బతిమాలింది లారానే. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పిశాచిని ఇంట్లోకి తెచ్చింది ఒంటరితనం, దయ. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం.

ఆ తర్వాత చిన్న చిన్న వివరాల మీద కన్నేసి చదవండి. ఆ కూతురు కార్మిల్లా రోజూ మధ్యాహ్నం ఒంటిగంట దాకా గదిలోంచి రాదు. వచ్చాక ఒక కప్పు చాక్లెట్ తాగుతుంది, ఏమీ తినదు. ఇంటిపేరు చెప్పదు, ఊరు చెప్పదు. శవయాత్ర పాట వినిపిస్తే చెవులు మూసుకుని వణికిపోతుంది. తాయెత్తులూ మందులూ అమ్ముకునే ఒక గూని మనిషి కోట ముందుకొచ్చి, కిటికీలోంచి చూస్తున్న కార్మిల్లా పన్ను సూదిలా ఉందనీ, నొప్పి లేకుండా అరగదీసి ఇస్తాననీ బేరం పెడతాడు. అందరి ముందూ నిజం చెప్పింది ఆ ఒక్కడే, ఆమెకి కోపం వస్తుంది, ఇంట్లో వాళ్లకి నవ్వులాటగా పోతుంది. ఆ ఘట్టం చదివాక పుస్తకం మూసి ఆ రోజుకి ఆపేయండి.

ఇందులో ప్రేమ నిజంగా ఉంది. కార్మిల్లా లారా చేతులు పట్టుకుని, చెంపకి చెంప ఆనించి చెప్పే మాటలు వేటగత్తె మాటలా, ప్రేమించిన మనిషి మాటలా అన్నది లెఫాను తేల్చడు. లారాకి కూడా ఇష్టమూ వెగటూ ఒకేసారి కలుగుతాయి, ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది. ఏళ్లు గడిచాక కూడా ఆమె గొంతులో పోగొట్టుకున్న బాధ వినిపిస్తుంది. 1872లో ఇద్దరు ఆడపిల్లల మధ్య ఆకర్షణ గురించి ఇంత సూటిగా రాయగలగడానికి పిశాచి కథ ముసుగు పనికొచ్చింది. కథలో సగం దాటాక ఒక ముసలి జనరల్ వచ్చి, తన ఇంట్లో జరిగింది చెప్పడం మొదలుపెడతాడు. అదే తల్లి, అదే తొందర పని, అదే కూతురు. తెలిసిన కథే మళ్లీ చెబుతున్నాడని ఆ అధ్యాయాలు గబగబా తిప్పేస్తారు చాలామంది. తిప్పకండి, వింటున్నవాళ్లలో లారా కూడా ఉందని గుర్తుపెట్టుకుని చదవండి.

ఆరో అడుగు: 'డ్రాక్యులా', ఒక నోటుబుక్కు

స్టోకర్ డబ్లిన్‌లో పుట్టి, లండన్‌లో లైసియం థియేటర్ మేనేజర్‌గా లెక్కలూ ఉత్తరాలూ చూసుకుంటూ ఏడేళ్లు నోట్సు రాసుకుని ఈ నవల పూర్తి చేశాడు. 1897 మే 26న పసుపు అట్టతో వచ్చింది. కాగితాలతో బతికిన మనిషి రాసిన నవల కాబట్టి మొత్తం కాగితాలే: డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రిక కత్తిరింపులు, ఓడ లాగ్‌బుక్. ఒక్క డ్రాక్యులా మాత్రం డైరీ రాయడు. అతని గొంతు మనకి ఇతరుల రాతల్లోనే వినిపిస్తుంది.

మొదటి నాలుగు అధ్యాయాలు ఒకే వారంలో చదివేయండి. జోనథన్ హార్కర్ అనే కుర్ర లాయరు ఇంగ్లండ్‌లో ఇల్లు కొనే కాగితాలు పట్టుకుని కౌంట్ కోటకి వెళతాడు. దారిలో తిన్న మిరపపొడి కోడికూర ఎలా చేస్తారో కనుక్కుని తను పెళ్లాడబోయే మీనాకి చెప్పాలని మే 3న డైరీలో రాసుకునే మామూలు మనిషి. గుమ్మం దగ్గర కౌంట్ అతని చేయి పట్టి లోపలికి లాగడు, నీ ఇష్టంతోనే లోపలికి రా అంటాడు. కొన్నాళ్లకి కౌంట్ తనే పక్క వేస్తుండగా జోనథన్ చూస్తాడు. ఈ కోటలో పనివాళ్లే లేరని, బండి తోలింది, వండింది, వడ్డించింది అంతా ఈయనే అని అప్పుడు తెలుస్తుంది. గోడ మీద తలకిందులుగా పాకే ఘట్టం కంటే ఈ పక్క వేసే ఘట్టమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మూడో అధ్యాయంలో కౌంట్ అడిగే లాయరు ప్రశ్నలు కథకి అడ్డమనిపించొచ్చు. ఒక మనిషి ఒకేసారి ఇద్దరు ముగ్గురు లాయర్లని పెట్టుకోవచ్చా, బ్యాంకు పని ఒకరికి, ఓడ సరుకు పని ఒకరికి ఇవ్వొచ్చా అంటాడు. నిదానంగా చదివితే ఎత్తు అర్థమవుతుంది: తన వ్యవహారం మొత్తం ఏ ఒక్కరికీ తెలియకూడదు. మే 19న జోనథన్ చేత మూడు ఉత్తరాలు ముందుగానే రాయిస్తాడు. ఒకదాని మీద జూన్ 12, రెండోదాని మీద 19, మూడోదాని మీద 29 తేదీ వేయమంటాడు. తన ఆయుష్షు ఎన్నాళ్లో ఆ తేదీల్లో జోనథన్‌కి కనిపిస్తుంది. కత్తి లేదు, కోర లేదు, మర్యాదగా అడిగి రాయించుకున్న తేదీలు మాత్రమే.

ఐదో అధ్యాయం నుంచి నోటుబుక్కు తీయండి. ప్రతి ఎంట్రీకి మూడు సంగతులు రాసుకోండి: తేదీ, రాస్తున్నది ఎవరు, ఆ మనిషికి ఇంకా తెలియనిది ఏమిటి. మూడోది ముఖ్యం. సెప్టెంబర్ 13 ఉదయం ఎంట్రీ తీసుకోండి. మీనా స్నేహితురాలు లూసీ పాలిపోతుంటే చూడటానికి వచ్చిన డాక్టరు వాన్ హెల్సింగ్, పిశాచి రాకుండా ఆమె గదిలో వెల్లుల్లి పూలు కట్టి, కిటికీలు బిగించి వెళ్లాడు. పొద్దున వచ్చేసరికి లూసీ తల్లి సంతోషంగా ఎదురొచ్చి, గదంతా ఘాటు వాసనగా ఉంటే ఆ పూలు తీసేసి, కాస్త గాలి రానివ్వాలని కిటికీ కొద్దిగా తీశానని చెబుతుంది. ఆవిడ గుండె బలహీనం, చెబితే తట్టుకోలేదని అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆవిడ వెళ్లేదాకా నవ్వు మొహంతో నిలబడ్డ ఆ ముసలి డాక్టరు, తలుపు మూయగానే ఏడ్చేస్తాడు. ఇలాంటి ఘట్టం రాయడానికి పిశాచి పేజీలో కనిపించాల్సిన పని కూడా లేకపోయింది.

లూసీకి నలుగురు మగవాళ్లు వరసగా రక్తం ఇస్తారు, గ్రూపు చూడటం అన్న మాటే లేదు. లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త రక్తం గ్రూపుల సంగతి తేల్చింది 1901 ప్రాంతంలో, నవల వచ్చాక. అప్పటి పాఠకులకి రక్తం ఎక్కించడం, ఫోనోగ్రాఫ్‌లో డైరీ చెప్పడం, టైపురైటర్ అన్నీ కొత్త సైన్సు. అంటే వాళ్లు చదివింది తమ కాలపు కథ. మీనా అందరి కాగితాలూ తేదీల వరసలో టైపు చేసి అందరికీ ఇచ్చిన చోట, మొదటిసారి కౌంట్ వెనకడుగు వేసే అవకాశం కనిపిస్తుంది. వెంటనే ఆ మగవాళ్లు, ఆడమనిషికి ఈ భయాలెందుకని ఆమెని మాటల్లోంచి తప్పిస్తారు. అక్టోబర్ 1, 2 తేదీల్లో ఆమె పాలిపోవడం జోనథన్ చూస్తాడు, అలసట అనుకుంటాడు. మీ నోటుబుక్కులో మూడో వరస అక్కడ నిండిపోతుంది.

ఈ కథని మే 3 నుంచి నవంబర్ దాకా, ఏ రోజు ఎంట్రీ ఆ రోజు చదివేవాళ్లు ఈమధ్య చాలామంది ఉన్నారు. చాలా బావుంటుంది, కానీ రెండోసారికి ఉంచుకోండి. తేదీల వరసలో పెడితే, స్టోకర్ కావాలని వెనక్కి దాచిన ఓడ లాగ్‌బుక్ లాంటివి ముందే బయటపడిపోతాయి.

ఏడో అడుగు: నలిగే చోట్లు

విట్‌బీలో ముసలి నావికుడు మాట్లాడే యార్క్‌షైర్ యాస ఇంగ్లండ్ వాళ్లకే కష్టం, భావం పట్టుకుని దాటేయండి. వాన్ హెల్సింగ్ ఉపన్యాసాలు పైకి చదువుకుంటే తేలిగ్గా పోతాయి. పదిహేడో అధ్యాయం దాటాక పెట్టెలు లెక్కపెట్టడం, రైలు టైములు చూడటం సాగుతుంది. వేగం తగ్గిందని ఆపకండి.

ఒక సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ నవలలో తూర్పు నుంచి వచ్చే పరాయివాడంటే భయం ఉంది, జిప్సీల మీద, ఒక యూదు వ్యాపారి మీద చులకన మాటలున్నాయి. సామ్రాజ్యం మంచి ఊపులో ఉన్న రోజుల్లో, తాము ఇతర దేశాలకి చేసిందే తమకి ఎవరో చేస్తే అన్న భయం లండన్‌కి పట్టుకుంది. అది మనం గుర్తుపట్టినంత త్వరగా అప్పటి ఇంగ్లీషువాళ్లు పట్టలేకపోయుండొచ్చు. జోనథన్ చివర్లో చేతబట్టే కుక్రీ గూర్ఖాల కత్తి అని గమనించండి.

ఎనిమిదో అడుగు: ఆ తర్వాత

ఇప్పుడు 'నోస్‌ఫెరాటు' చూడండి. హక్కులు కొనకుండా తీశారని స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కేసు వేస్తే, 1925లో కోర్టు కాపీలన్నీ నాశనం చేయమంది. కొన్ని తప్పించుకున్నాయి కాబట్టే మనకి దక్కింది.

చదవడానికైతే ఇ.ఎఫ్. బెన్సన్ రాసిన 'మిసెస్ ఆంవర్త్' (1922) అనే చిన్నకథ పట్టుకోండి, అరగంట పని. పెషావర్‌లో భర్త పోయిన ఒక జడ్జిగారి భార్య ఇండియా నుంచి ఇంగ్లండ్‌లోని పల్లెకి వస్తుంది. నవ్వుతూ తుళ్లుతూ పేకాట పార్టీలకి ప్రాణం పోసే మనిషి, ఊరంతా ఆవిడంటే పడిచస్తుంది. కొన్ని రోజులకి ఊళ్లో ఒక పిల్లాడు పాలిపోవడం మొదలవుతుంది, మెడ మీద దోమకాట్లున్నాయంటారు. ఆ దోమకాట్ల మాట వచ్చే సరికి, ఆవిడని మొదట విందుకి పిలిచింది ఎవరో వెనక్కి తిప్పి చూడాలని మీకే అనిపిస్తుంది.